వెనక సీటు పందెం

ఢిల్లీకి ఈ చివర ఇందిరాపురంలో మేమున్న సొసైటీ నుంచి ఆ చివర గుర్గావ్‌లో ఆఫీసుకి వెళ్ళడమంటే, దాదాపు ఊరికి వెళ్ళడమే. టిఫిను కట్టుకుని బయల్దేరేవాళ్ళం. ఒకే కారులో ముగ్గురం: నేను, కింది అంతస్తులో ఉండే మా సీనియరు, పక్క టవర్లో అద్దెకున్న కరీంనగర్ కుర్రాడు. సీనియర్ని అందరం గురువుగారనేవాళ్ళం. కారు ఆయనదే. తోలేది మాత్రం మాలో ఎవరో ఒకరు.

ఎవరన్నది పేకాట తేల్చేది. ఆ ఏర్పాటు కూడా గురువుగారిదే. ఆదివారం భోజనాలయ్యాక మా హాల్లో చాప మీద పోకర్. రాజ్మా గింజలే డబ్బు. ఎవరి గింజలు ముందు అయిపోతే వాళ్ళు వారమంతా తోలాలి. మిగిలిన ఇద్దరిలో ఎక్కువ గింజలున్నవాడికి వెనక సీటు, దాంతోపాటు నిద్ర. మా పాపకి అప్పుడప్పుడే పళ్ళొస్తున్నాయి. ఇంట్లో నిద్ర అనే వస్తువు దొరకడం మానేసింది. కాబట్టి వెనక సీటు మీద నాకున్న ఆశ కేవలం ఆశ కాదు, వైద్యం.

అయినా తోలేది నేనే. పోకర్లో మనిషికి రెండు ముక్కలిస్తారు, చాప మీద పరిచే అయిదూ అందరివీ. ముక్కలు పరవకముందే ఎవరైనా పందెం పెంచితే, అంత మనమూ పెట్టి కాల్ చెయ్యాలి, లేదా పడేసి తప్పుకోవాలి. నాకు తప్పుకోవడం చేతకాదు. చేతిలో ఆసు కనబడితే పక్కనున్నది ఏదైనా ఫర్వాలేదనిపించేది.

"ఏమయ్యా, వస్తున్నావా, పడేస్తున్నావా?" అనేవారు గురువుగారు.

"వస్తున్నానండీ."

"రా రా. నీలాంటివాళ్ళు వస్తేనే కదా ఆట."

నాది ఆసు, తొమ్మిది. ఆయనది ఆసు, రాజు. చాప మీద ఇంకో ఆసు పడేది. నేను మురిసిపోయేవాణ్ణి. సోమవారం పొద్దున్నే స్టీరింగ్ పట్టుకునేవాణ్ణి.

"అన్నా, నువ్వు కాల్ చేసుడు బంజేస్తే మనకు ఆటే ఉండదు," అని కుర్రాడు ముందు సీట్లో కాళ్ళు చాపి మెచ్చుకునేవాడు.

మా ఆవిడ రమ్మీ ఆడే ఇంటి పిల్ల. పునుగుల ప్లేటు చాప మీద పెట్టి, నా భుజం మీదుగా నా ముక్కలు చూసి వంటింట్లోకి వెళ్ళేది. ఒక ఆదివారం అందరూ వెళ్ళాక నోరు విప్పింది.

"మా ఇంట్లో పదమూడు ముక్కలు చూసి, వరస కలిసి లైఫ్ వచ్చేలా లేకపోతే అక్కడే డ్రాప్ కొట్టి తప్పుకుంటాం. మీకిచ్చేది రెండే. అవీ తేల్చుకోలేరా?"

"ఆసు ఉంది కదా."

"ఆయన దగ్గరా ఉంటుంది. అప్పుడు తేల్చేది రెండో ముక్క. పెద్దకోడలు ఇంట్లో ఉండగా చిన్నకోడల్ని తీసుకెళ్ళి పెత్తనం చేయిస్తానంటే సాగుతుందా? మీ తొమ్మిది చిన్నకోడలు."

పోకర్ మీద ఇంతకంటే స్పష్టమైన మాట నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"అయినా వంతులు వేసుకుంటే పోయేదానికి ఈ పేకెందుకు?" అంది మళ్ళీ. జవాబూ తనే చెప్పింది. "వంతులైతే ఆయన వంతూ వస్తుంది కాబట్టి. వాళ్ళావిడ, కింది ఆంటీయే చెప్పారు. కారు కొన్న కొత్తలో హైవే మీద లారీల మధ్య ఇంజన్ ఆగిపోయిందట. అప్పట్నుంచీ ముట్టుకోలేదు. మీకు పోయేది నిద్ర. ఆయనకి పోయేది పరువు. అందుకే అంత జాగ్రత్తగా ఆడతారు."

అదీ సంగతి. ఆయన పందెం పెంచారంటే పెద్దకోడలు ఇంట్లో ఉన్నట్టే. ఆ తర్వాత ఆయన పెంచినప్పుడల్లా చిన్నకోడళ్ళని మర్యాదగా చాప మీద పెట్టేసేవాణ్ణి. చిన్న జతలుంటే పందెం తక్కువున్నప్పుడే వెళ్ళేవాణ్ణి. తోలే బాధ్యత కుర్రాడికి బదిలీ అయింది. ఓడగా ఓడగా వాడికీ జ్ఞానోదయమైంది.

ఇక ముగ్గురం పడేసేవాళ్ళమే. చిక్కేమిటంటే, పడేసినా పంపకానికింత అని గింజలు కట్టాలి. పెద్ద ముక్కల కోసం కాచుకు కూర్చునే గురువుగారి కుప్ప అలా కరుగుతూ వచ్చింది. చలికాలంలో ఒక ఆదివారం ఆయన ముందు గుప్పెడు గింజలు మిగిలాయి. వాటిని చూశారు, కిటికీలోంచి కింద కారుని చూశారు. గుప్పెడూ ముందుకి తోసేశారు.

కుర్రాడు పడేశాడు. నా చేతిలో రెండు రాణులు.

కుప్ప నిండా గింజలున్నవాడు పెంచడం వేరు, అడుగంటినవాడు పెంచడం వేరు. ఈసారి పెద్దకోడలు ఉండకపోవచ్చు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. నిద్ర కూడా వస్తోంది. రెండోదే గెలిచింది.

"కాల్," అన్నాను.

ఆయన ముక్కలు తిప్పారు. ఆసు, తొమ్మిది. నా పాత స్నేహితులు. చాప మీద అయిదు ముక్కలూ పడ్డాయి. అందులో ఆసూ లేదు, తొమ్మిదీ లేదు.

"ఠీక్ హై," అన్నారాయన. మా ఇంట్లో ఆయన హిందీ మాట్లాడగా వినడం అదే మొదలు.

సోమవారం గురువుగారు నిమ్మకాయలతో దిగారు. చక్రానికొకటి పెట్టి, దణ్ణం పెట్టి, సీట్లో కూర్చుని అద్దాలన్నీ సర్దారు. నిమ్మకాయలు నలిగాయి. కారు గేటు దాటింది. నేను వెనక కాళ్ళు ముడుచుకుని పడుకున్నాను.

మెలకువ వచ్చేసరికి నిజాముద్దీన్ వంతెన మీదున్నాం. మళ్ళీ నిద్రపోయి లేచాను. ఇంకా వంతెన మీదే ఉన్నాం.

"సార్, మూడో గేరు గూడ ఉంటది," కుర్రాడు బతిమాలుతున్నాడు.

"తొందరేముందయ్యా."

వెనకనుంచి ఎవరో అరిచారు. "అంకుల్‌జీ, చలో భీ!"

"మీరు పదండి నాయనా," అన్నారు గురువుగారు తెలుగులోనే, చెయ్యూపి దారిస్తూ. ఢిల్లీలో ఎవరూ ఎవరికీ అంత దారివ్వడం నేను చూడలేదు.

ఆఫీసుకి ఆలస్యమైంది. పాప పుట్టాక అంత తెరిపిగా నేనెప్పుడూ ఆఫీసులో అడుగుపెట్టలేదు. బుధవారానికి మూడో గేరు వచ్చింది. శుక్రవారం ఒక బస్సు అడ్డమొస్తే, ఆయన కిటికీ దించి, డ్రైవరుకి వాళ్ళ జిల్లా తెలుగులో నాలుగు చివాట్లు పెట్టి, ఈలవేస్తూ ముందుకి పోనిచ్చారు.

ఆ ఆదివారం మొదటి పంపకంలోనే కుర్రాడు పందెం పెంచాడు. గురువుగారు ముక్కలు సరిగా చూడనైనా లేదు.

"కాల్."

తిప్పితే రెండు, ఏడు. అవీ వేర్వేరు రంగులు. పోకర్లో అంతకంటే దిక్కుమాలిన చెయ్యి లేదు.

"సార్, గీ ముక్కలతోని ఎవలన్న కాల్ చేస్తరా?"

"ఏమోనయ్యా, ముచ్చటేసింది."

తర్వాతి పంపకంలో నేను పెంచాను. దానికీ కాల్ చేశారు. ఆ తర్వాతదానికీ. టీ రాకముందే ఆయన గింజలన్నీ మా ముందుకొచ్చాయి.

"అయ్యో, ఓడిపోయానే," అంటూ ఆయన చాప మీంచి లేచి, ఆటప్పుడు మేకుకి తగిలించే కారు తాళాలు తీసి జేబులో వేసుకున్నారు.

మా ఆవిడ టీ కప్పులతో వచ్చి ఖాళీ అయిన చోటు చూసింది. "ఆట అయిపోయిందా అప్పుడే?"

"టీ తాగి పాలు తెచ్చేస్తానమ్మా," అన్నారు గురువుగారు. "కార్లో."

పాల బూత్ మా గేటుకి ఎదురుగానే ఉంటుంది.