చెవి పెట్టిన బొమ్మ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, సామర్లకోట స్టేషన్లో చూసిన బొమ్మ సంగతి చెబుతాను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులవి. వెయిటింగ్ రూములో నా పక్కనున్న అమ్మాయి ఒళ్లో కంప్యూటరు, కాళ్ల దగ్గర చక్రాల బొమ్మ పెట్టుకుని చెమటలు కక్కుతోంది. పిల్లలు ముక్కలు బిగించి చేసుకునే రోబో అట. దానికి ఆమె కొత్తగా కన్ను, చెవి పెట్టింది. చప్పట్లు కొడితే కదలాలి, చెయ్యి అడ్డం పెడితే ఆగాలి. మధ్యాహ్నం తునిలో బడివాళ్లకి ఆడించి చూపాలి.

"కన్ను బానే ఉందండి పిన్నిగారూ, చెవే కొంప ముంచుతోంది. ఏ చప్పుడు విన్నా పరిగెడుతోంది. ఇవాళ కూడా ఇంతే అయితే మా కంపెనీవాళ్లు చెవి తీసెయ్యమంటారు. రెండేళ్ల కష్టమండీ" అంది.

అంతలో మైకు మోగింది. బొమ్మ బెంచీ కిందికి దూసుకుపోయింది.

"మాది మండపేటమ్మా. ఇంటి పక్క బియ్యం మిల్లు హోరులో మా కోళ్లకి నా కేక వినపడదు. చేట మీద రెండు దెబ్బలు కొట్టి, ఆగి, ఇంకోటి కొడతాను. హోరు మధ్యలో ఆగదు కదా, ఆ ఆగడమే వాటికి గుర్తు" అన్నాను.

"ఆ ఆగడమే దీనికీ నేర్పుతానండీ" అని ఆమె కంప్యూటర్లో గబగబా ఏదో కొట్టడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేసరికి ఆమె ఎక్కాల్సిన రైలు వచ్చేసింది. గది అదిరిపోతున్నా బొమ్మ కదల్లేదు. నేను నా టిఫిను క్యారేజీ మూత మీద రెండు కొట్టి, ఆగి, మూడోది కొట్టాను. బొమ్మ నా కాళ్ల దగ్గరికి వచ్చింది.

ఆమె దాన్ని చంకన పెట్టుకుని పరిగెత్తింది. రైలు కదిలాక పెట్టె గుమ్మంలో నిలబడి తలుపు మీద తడుతూ కనిపించింది. రెండు, ఆగి, ఒకటి.

తునిలో ఏమైందో నాకు తెలియదు. ఎంత సందడిలోనైనా మీ పిలుపు మీ ఇంటివాళ్లకి వినపడాలి, చల్లగా ఉండండి.