ఐదు ఫ్లష్షులూ, పేట పరువూ

ఆ రోజుల్లో నేను కొత్త అల్లుణ్ణి, పైగా కొత్త ఇంజనీర్ని. ఈ రెండూ ఒకే మనిషికి ఒకే ఏడాది తగలకూడదు. చీమకుర్తి దగ్గర అత్తవారింట్లో దిగిన పూటే, భోజనాల దగ్గర, "మాది చిలకలూరిపేటండీ, మా కారం ముందు మీ పండుమిరపకాయ పచ్చడి పటికబెల్లం" అని కోసేశాను. మామగారు మిరప రైతు. అత్తగారిచేత నా విస్తట్లో ఇంకో గరిటెడు వేయించారు. (చెవుల్లోంచి పొగలొచ్చాయి. పరువు కోసం నవ్వుతూ మింగాను.)

మర్నాడు పొద్దున్నే ఆయన, "మీ కోసమని ఆ వెస్టర్న్ సీటు పెట్టించాం గానీ, మేడమీద ట్యాంకు మధ్యాహ్నానికే ఖాళీ అవుతోందండీ. ఒక్కసారి నొక్కితే ఎన్ని నీళ్ళు పోతాయో ఏమో!" అన్నారు. ఆ మాట చాలు నాకు. ఎవరికీ చెప్పకుండా లీటరు సీసా, పెన్సిలు, కాగితం పట్టుకుని లోపలికి దూరాను. ఫ్లష్ ట్యాంకులోకి నీళ్ళొచ్చే కుళాయి కట్టేసి, నీటిమట్టం దగ్గర గీత గీసి, నొక్కి, మళ్ళీ గీతదాకా సీసాతో పోస్తూ లెక్కపెట్టాను. ఒక్కసారి కొలిచి ఊరుకుంటే ఇంజనీరెలా అవుతాడు? సగటు తీయాలి కదా! ఐదుసార్లు నొక్కాను.

చెమటతో తడిసి బయటికొస్తే, ఎదురుగా అత్తగారు మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉన్నారు. "వద్దంటే విన్నావా? ఆ పచ్చడి మళ్ళీ ఎందుకేశావ్? ఐదుసార్లయినాయి పాపం!" అని మామగారు ఆవిణ్ణి కసురుతున్నారు. (వేయించింది తనే!) పేట పరువు గంగలో కలిసేట్టుంది. "అయ్యో, కారం కాదండీ, కొలుస్తున్నానండీ!" అని అరిచాను. "ఏం కొలుస్తున్నారు బాబూ?" అంటూ అత్తగారు నా చేతిలో కాగితం లాక్కుని పైకి చదివారు: "మొదటిసారి పదిన్నర లీటర్లు. రెండోసారి పదకొండు..." గ్లాసు నా చేతిలో పెట్టి మామగారి వైపు తిరిగారు. "ఏవండోయ్! ఇంక మనిషిలో ఏం మిగిలిందండీ! ఆటో పిలవండి!" మా ఆవిడకి విషయం అర్థమైంది గానీ, చెప్పాలంటే ముందు నవ్వు ఆగాలి. గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది. ఎట్టకేలకు చెప్పింది, అందరూ నవ్వారు, ఎవరూ నమ్మలేదు. ఉన్న నాలుగు రోజులూ నాకు మజ్జిగన్నమే పెట్టారు.

ఇప్పుడు డాక్టరు నిజంగానే కారం మానమన్నాడు. మొన్న వెళ్ళినప్పుడు అత్తగారు, "చప్పగా చెయ్యమంటారా బాబూ?" అని ఎంతో ప్రేమగా అడిగారు. అవుననాలనే నోరు తెరిచాను. "పండుమిరపకాయే వెయ్యండత్తయ్యగారూ!" అని వచ్చేసింది. ఆనాటి కోతలరాయుడల్లుడి మీద నాకింకా మమకారం పోలేదు. వాడి పరువు కోసం ఈ వయసులో మాత్రలు నేను మింగుతున్నాను.