తుడిచిన ఆకులు

తబస్సుమ్ టీచర్ విశాఖ పాతూళ్లోని మా ప్రైవేటు బడికి రెండు నెలల కోసమే వచ్చింది. అప్పటిదాకా ఏడేళ్లు యూనివర్సిటీ ల్యాబ్‌లో కూర్చుని, చెట్ల ఆకుల మీద పడే దుమ్మును తూచిన మనిషి. ప్రాజెక్టు అయిపోయి ఖాళీగా ఉంటే, పురిటికెళ్లిన సైన్సు టీచర్ బదులు చేరింది. నాలుగేళ్లయింది, ఇంకా కదల్లేదు.

చేరిన వారంలోనే పిల్లలకు పని చెప్పింది. "రేపు మీ ఇంటి దగ్గర చెట్టుది తలో ఆకు తెండి. ఎంత దుమ్ముందో చూద్దాం."

మర్నాడు ముప్పైఎనిమిది ఆకులొచ్చాయి. అన్నీ తళతళలాడుతున్నాయి. రేవు నుంచి వచ్చిపడే బొగ్గు దుమ్ముకి పూటకి నాలుగుసార్లు కిటికీలు తుడుచుకునే ఇళ్ల నుంచి వచ్చాయి మరి.

"దుమ్మేదర్రా?" అంది.

నాగశ్రీ లేచింది. "మాయమ్మ తుడిసేసింది టీచర్. మురికాకు టీచర్ సేతికి ఇత్తారేటి అని తిట్టింది."

పక్క గదిలో లెక్కలు చెప్తున్న నాకు తబస్సుమ్ టీచర్ నవ్వు వినబడింది. "సరే, రేపు తెల్లగుడ్డతో మీరే తుడిచి, ఆ గుడ్డ తెండి."

మర్నాడు గోల భరించలేక నేనే వెళ్లాను. మా గుడ్డే నల్లదంటే మాదే నల్లదని పిల్లలు కొట్టుకుంటున్నారు. ఆపమంటే ఆమె ఆపలేదు.

"ఉండండి మాస్టారూ," అంది. "ఏడేళ్లు తూచాను. నా దుమ్ము కోసం ఎవరూ ఇలా కొట్టుకోలేదు."