లాడ్జి సుత్తి కోసం ఉదయగిరికి

ఆత్మకూరులో ఫ్రీమేసన్ లాడ్జి, అంటే ఆ రహస్య సంఘానికి ఊళ్లో ఒక శాఖ, పెట్టాలన్న ఆలోచన నాది. ఈ ముక్క ముందే చెప్పేస్తే గానీ నాకు మిగతాది రాయబుద్ధి కాదు. నెలనెలా మీటింగుకని నేనూ, నా చిన్ననాటి స్నేహితుడు డాక్టరు సుబ్బరామయ్యా నెల్లూరు వెళ్లేవాళ్లం. తిరుగు బస్సు దొరక్క సత్రంలో పడుకుని మర్నాడు రావడం రెండేళ్లు సాగింది. "మనూళ్లోనే ఒకటి పెట్టుకుంటే పోలా?" అని సంగం దగ్గర టీ తాగుతూ అన్నది నేను. అందుకు ఏడుగురు సభ్యులు కలిసి మద్రాసులోని పెద్ద లాడ్జికి అర్జీ పెట్టుకోవాలి. కోర్టు పని మానుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ఏడుగురినీ పోగుచేసింది ప్లీడరుగా పేరున్న ఈ నేనే. అర్జీలో మొదటి మాస్టరు, అంటే లాడ్జి పెద్ద, ఎవరో రాయాల్సి వచ్చేసరికి అందరూ డాక్టరు వైపు చూశారు. వాడు వద్దు వద్దంటూనే ఒప్పుకున్నాడు. రెండో పేరు నాది. బడిలోనూ అంతే, నేను చదివేవాణ్ణి, వాడు ఫస్టు వచ్చేవాడు.

అనుమతి వచ్చింది. బజారులో ఒక మేడ మీద గది తీసుకున్నాం. నేల మీద నలుపు తెలుపు గళ్లు వేయించాం, కుర్చీలు తెప్పించాం. ఇక మాస్టరు బల్ల మీద కొట్టే కొయ్య సుత్తి ఒక్కటే తక్కువ. "ఉదయగిరిలో అంత మంచి కొయ్యపని వాళ్లుండగా నెల్లూరులో ఎరువు అడగడమెందుకురా? నువ్వు పోయి చేయించుకురా" అన్నాడు డాక్టరు. వాడు కూర్చునే కుర్చీకి సుత్తి మోసుకురావడానికి నేను! అయినా బయల్దేరాను.

ఆత్మకూరు నుంచి పొద్దున అయిదున్నరకు బస్సు. నేను వెళ్లింది సంగం, కలిగిరి, వింజమూరు, దుత్తలూరు మీదుగా. రెండు చోట్ల బస్సు మారాలి, పోను చార్జీ మొత్తం రూపాయి ఆరణాలు. కలిగిరి దాటాక ఎక్కింది పెట్రోలు బదులు బొగ్గుల గ్యాసుతో నడిచే బొగ్గు బస్సు. గట్టు ఎక్కలేక మధ్యలో ఆగింది. అందరం దిగాం. కండక్టరు వెనకవైపు బొగ్గుల కొలిమికి చక్రం తిప్పుతుంటే డ్రైవరు నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"ప్లీడరయ్యా, మీ మేడ మీద మనిషి తలకాయలు నరికి పెడతారంట గదా?"

"ఎవడయ్యా చెప్పింది?"

"ఊరంతా అనుకుంటా ఉండారు. మా ఇంటిది మాత్రం, డాక్టరయ్య ఉండాడు గదా, అట్టాంటివి జరగవులే అనింది."

తలకాయల పుకారులో కూడా మంచిపేరు వాడికే. వింజమూరులో దిగి రెండు దోసెలు తిన్నాను. కారం బాగుందని అందరూ అంటారు, నాకు ఆ పూట అన్నీ చేదే.

ఉదయగిరి చేరేసరికి పదకొండు. కొండను చూస్తూ బజారు వెంట నడిస్తే గరిటెలు చెక్కే చప్పుడు వినపడుతుంది, దారి అడగనక్కర్లేదు. డాక్టరు చెప్పిన మస్తాన్ వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. చిత్రంగా సుత్తి తల అప్పటికే తయారై ఉంది. కలివి కొయ్య, నున్నగా, బరువుగా. పిడి మాత్రం మోటుగా వదిలేశాడు.

"పిడి చేతిని బట్టి తియ్యాల సార్. పట్టుకునేది మీరే గదా?" అన్నాడు.

డాక్టరువి ఆడపిల్ల చేతులు, సన్నగా ఉంటాయి. నావి చేట చేతులు. ఆ క్షణంలో నా బుద్ధి గడ్డి తిన్నది. లాడ్జి తెరిచే రోజు నెల్లూరు, మద్రాసు పెద్దల ముందు సుత్తి వాడి చేతిలోంచి జారితే చూడాలనిపించింది.

"నేనే. నేనే మాస్టర్ని" అన్నాను.

మస్తాన్ నా అరచేతికి దీపపు మసి పూసి, పిడిని గట్టిగా పట్టుకోమన్నాడు. మసి అంటిన చోటల్లా బాడిశతో, ఉలితో కొద్దికొద్దిగా తీశాడు. మళ్లీ మసి, మళ్లీ పట్టు. రెండు గంటలు పట్టింది. ఆఖరికి అది నా గుప్పిట్లో ఎంత బాగా అమరిందంటే వదలబుద్ధి కాలేదు.

గుడ్డలో చుట్టి ఇస్తూ, "డాక్టరయ్యతో చెప్పండి సార్, ఆయన రాసినట్టే చేసినానని" అన్నాడు.

"ఏం రాశాడు?"

గూట్లోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. డాక్టరు రాతే. 'తల ముందే చేసి పెట్టు. వచ్చే ప్లీడరు చేతికే పిడి కుదుర్చు. లాడ్జి పెట్టించింది వాడు. నేను కూర్చునేది ఒక్క ఏడాది, ఆ తర్వాత వాడే.'

"మీరు మాస్టర్నని అంటే, ఇద్దరూ వంతులు ఇప్పుడే మార్చుకున్నారేమో అనుకున్నా" అన్నాడు మస్తాన్, కల్మషం లేకుండా.

మూడు గంటల బస్సెక్కాను. సిగ్గేసింది. దుత్తలూరు దాకా నిజంగానే సిగ్గేసింది. వింజమూరు వచ్చేసరికి మళ్లీ కడుపులో మంట మొదలైంది. మంచితనంలో కూడా వాడే ముందు. నాకు చెడ్డవాడిగా ఉండే అవకాశం కూడా సరిగ్గా దక్కనివ్వలేదు.

లాడ్జి తెరిచిన రోజు లోపల జరిగింది బయటికి చెప్పకూడదు. ఇంతవరకు చెప్పొచ్చు. మొదటి దెబ్బకే సుత్తి డాక్టరు చేతిలోంచి జారబోయింది. రెండు చేతులతో పట్టుకుని నవ్వాడు. "ఇది నాకోసం చేసింది కాదండీ, ఈ లాడ్జి పుట్టించినవాడి కోసం" అని నన్ను చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కోరుకున్న చప్పట్లే అవి. తీరా వచ్చినప్పుడు అవి కూడా వాడు ఇప్పించినవే అయ్యాయి. ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. నేను వాడిలాంటి మనిషిని కాను, కావాలని ఉంది, అందుకే ఈ ఏడుపు.

ఉదయగిరి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. తిరుగు బస్సు మూడింటికి, అది తప్పితే ఆ రోజుకి అంతే. పిడి ఉన్న వస్తువేదైనా చేయించుకోవాలంటే, దాన్ని వాడే మనిషినే వెంట తీసుకెళ్లండి. నాలాంటివాణ్ణి ఒంటరిగా పంపకండి.