లాడ్లీ బేగం ఎక్కనన్న బస్సు

మగడు చోటే మియా పోయిననాటికి లాడ్లీ బేగానికి మిగిలినవి ఇద్దరు ఆడపిల్లలు, గాజుల దండలు కట్టిన ఒక మలారం. ఆ మలారాన్ని భుజాన వేసుకుని అచ్చంపేట నుంచి అడవి అంచు పల్లెలకు నడిచి తిరిగేది. పొద్దంతా నడిస్తే ఒక్క ఊరు. అందుకే గుండ్లవాగుపల్లెకు బస్సు పడిన రోజు ఊరివాళ్లు కొబ్బరికాయ కొడితే, డ్రైవరు గాలయ్య నోట్లో ఆమె ఇంత చక్కెర పోసింది.

ఆ బండి వచ్చేటప్పటికే వేరే రూట్లలో తిరిగి నలిగిపోయి ఉంది. ఎనభైల చివరికొచ్చేసరికి కిటికీ అద్దాలు పోయి, వాన పడితే లోపల గొడుగులు విప్పేవారు. వెనక తలుపుకు గడియ లేక కండక్టరు తాడుతో కట్టేవాడు. తలుపు పక్కన నేల రేకు తుప్పు పట్టి ఊడిపోతే, దానిమీద ఒక చెక్క పరిచి వదిలేశారు. జనం అలవాటు పడిపోయారు. లాడ్లీ బేగమూ అంతే. నడక తప్పింది, అది చాలు అనుకునేది.

ఒక వానాకాలం అచ్చంపేట వారపు అంగడి నుంచి తిరిగొస్తుంటే, కిక్కిరిసిన ఆ బస్సు గుంతలో పడి ఎగిరింది. చెక్క పక్కకు జరిగింది. తలుపు దగ్గర నిలబడ్డ గుండ్లవాగుపల్లె నర్సింగమ్మ కాలు మోకాలి దాకా కిందికి దిగిపోయింది. పక్కనే ఉన్న లాడ్లీ బేగం మలారం వదిలేసి, రెండు చేతులతో ఆమె నడుమును వాటేసుకుంది.

"ఆపన్నా! ఆపు!"

గాలయ్య బ్రేకు తొక్కాడు. బండి వెంటనే ఆగలేదు. ఎంతో దూరం పోయి, ఒరుగుతూ ఆగింది. నర్సింగమ్మను పైకి లాగేసరికి పిక్క నిలువునా చీరుకుపోయింది. ఎముక విరగకపోవడం ఆమె అదృష్టం. కాళ్లకింద గాజులన్నీ పిండి పిండి అయ్యాయి.

దవాఖాన బయట గాలయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. "డిపోల ఎన్నిసార్లు చెప్పిన్నో అక్కా. ఇంకో బండి లేదు, గిదే నడుపుమంటరు."

లాడ్లీ బేగం మళ్లీ గాజులు తెచ్చుకుని పల్లెకు పోయినప్పుడు, ప్రతి ఇంట్లో ఒకటే మాట ఎత్తింది. గాజులు తొడిగించుకునే మనిషి మధ్యలో లేచి వెళ్లడానికి ఉండదు. చేయి లాడ్లీ బేగం చేతిలోనే ఉంటుంది.

"అంగడినాడు ఎవ్వరం ఎక్కొద్దు. మంచి బండి పంపేదాక ఎక్కొద్దు."

గాజులు తొడిగించుకుంటున్న హనుమమ్మ చేయి వెనక్కి గుంజుకుంది. "ఉన్నది కూడా తీసేస్తే? నీకేంది బూబమ్మా, మా ఊరు గాకుంటే ఇంకో ఊరు."

ఆ మాట లాడ్లీ బేగానికి ఎక్కడో గుచ్చుకుంది. "బస్సు పోతే అందరికంటె ముందుగాల నడిచేది నేనే. నా మోకాళ్లు ఎనకటి లెక్క లేవు. నాకు భయం లేదనుకుంటున్నవా? గానీ నర్సింగమ్మ జాగల చిన్న పోరి ఉంటే ఎట్లుండె? కాలు కాదు, మనిషే జారిపోతుండె."

హనుమమ్మ మళ్లీ చేయి చాపింది.

అంగడినాడు బస్సు వచ్చి హారన్ మోగించింది. ఆడవాళ్లు గంపలు దించుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. వాళ్లను చూసి మగవాళ్లూ ఆగిపోయారు. బస్సు ఖాళీగా పోయింది. మళ్లీ వారమూ అంతే. చివరికి డిపో అధికారి బస్సు వెనకే జీపులో వచ్చాడు.

"ఎక్కేవాళ్లు లేకపోతే ఈ రూటే తీసేస్తాం. తర్వాత నన్ను అడగొద్దు" అన్నాడు.

అందరూ లాడ్లీ బేగం వైపు చూశారు. ఆమె ముందుకొచ్చింది.

"సార్, జర నా ఎంబడి అచ్చంపేట దాక రండి. జీపుల గాదు, గీ బస్సుల. ఎనక సీట్ల కూసోండి. మీరు మంచిగుందంటె అందర్ని నేనే ఎక్కిస్త."

ఆయన నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. ఇక తప్పక ఎక్కాడు, జీపును వెంట రమ్మని. పక్కన ఆమె ఒక్కతే కూర్చుంది. వాగు దాటుతుంటే నీళ్లు నేల కంతలోంచి చిమ్మి ఆయన మోకాళ్ల దాకా తడిశాడు. దిగుడులో గాలయ్య బ్రేకు మీద బ్రేకు తొక్కుతుంటే బండి ఉరుకుతూనే ఉంది. అధికారి ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. దిగుడు దాటగానే ఆపమని కిందికి దిగి, వంగి బస్సు అడుగు భాగమంతా చూశాడు.

"ఇందులో పిల్లలు కూడా వస్తారా?" అని అడిగాడు.

"ఇస్కూలు పిల్లలు రోజూ వస్తరు సార్."

ఆయన ఇంకేమీ అనకుండా జీపెక్కాడు.

ఆ తరువాత కొన్నాళ్లు బస్సే రాలేదు. లాడ్లీ బేగం మలారంతో నడిచి పోతే "చూస్తివా?" అంది హనుమమ్మ. ఆ రాత్రి లాడ్లీ బేగం మోకాళ్లకు నూనె రాసుకుంటూ, నోరు మూసుకుని ఉంటే బాగుండేదేమో అని కూడా అనుకుంది.

దసరా ముందర ఒక పొద్దున, వాగు అవతల హారన్ వినిపించింది. అదే బండి. కానీ నేలకు కొత్త రేకులు, తలుపుకు గడియ. గాలయ్య ఊరి మధ్యలో బ్రేకు తొక్కి, తొక్కినచోటనే ఆపి చూపించాడు. నర్సింగమ్మ కుంటుతూ వచ్చి, లాడ్లీ బేగం చేయి పట్టుకుని మెట్టెక్కింది.

మరుసటి నెలలో పక్క ఊరి ఆడవాళ్లు లాడ్లీ బేగానికి కబురు పంపారు. గాజులకు కాదు. వాళ్ల ఊరి బస్సుకు వెనక చక్రం ఊగుతోందట.

"వస్తున్న, చేతులు కడుక్కొని కూసోండ్రి, గాజులు తొడుగుకుంటనే బస్సు మాట మాట్లాడుకుందం" అని జవాబు పంపిందామె.