ఫారంలో ఎక్కని గోలీలు

మణికొండలో నేను నర్సుగా చేస్తున్న క్లినిక్‌లో కాగితం ఫారాలు ఆపేసి రెండేళ్లవుతోంది. ఇప్పుడు అపాయింట్‌మెంట్ తీసుకోగానే ఫోన్‌కు లింకు వెళ్తుంది. జబ్బులు, వాడే మందులు, పడని మందులు అన్నీ ఇంటి దగ్గరే నింపి పంపేస్తే, మనిషి వచ్చేసరికి డాక్టరమ్మ కంప్యూటర్లో నోట్సు సగం తయారై ఉంటుంది. పని తగ్గుతుందన్నారు. తగ్గింది రాతపనే. గంటకు చూడాల్సిన మనుషులు మాత్రం పెరిగారు. హఫీజ్‌పేట్‌లో రైలు దిగి ఇంటికి నడిచే ఆ కాస్త దూరానికే నా మోకాళ్లు మొరాయిస్తాయి.

ఆ రోజు తలనొప్పి అంటూ ఒకమ్మాయి భర్తతో వచ్చింది. అతను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆఫీసు కాల్ మాట్లాడుతున్నాడు. ఆమెను బీపీ చూసే గదిలోకి తీసుకెళ్లాను. ఫారంలో ఉన్నది మరోసారి అడిగి సరిచూడటం నా పని. అప్పటికే అలసిపోయి, పట్టీ చుడుతూ మాట వరసకు అడిగాను.

"మందులేమీ వాడట్లేదు కదమ్మా?"

ఆమె తలుపు వైపు చూసింది. "ఫారం మా ఆయన నింపిండు సిస్టర్. ఆఫీసుల కూసొని."

"మరి ఏమైనా వాడుతున్నారా?"

"పిల్లలు కాకుండ గోలీలు ఏసుకుంటున్న. ఏడాది అయితుంది. ఆయనకు తెల్వదు. జర ఫారంల రాయకుండ్రి, మొత్తం ఆయన ఫోన్‌కే పోతది."

నిజమే. ఫారంలో ఏం దిద్దినా, లింకు వెళ్లిన నంబరుకే దాని కాపీ వెళ్తుంది. తలనొప్పికి ముందు కళ్లకేమైనా అవుతుందా అని అడిగాను. ఒక పక్క మెరుపుల్లాంటి గీతలు కనపడతాయని చెప్పింది. అలాంటి తలనొప్పి ఉన్నవాళ్లు ఆ గోలీలు వాడకూడదని నాకు తెలుసు. పక్షవాతం దాకా పోవచ్చు.

అబద్ధమెందుకు, ముందు నాకు వచ్చింది జాలి కాదు, విసుగు. బయట హాలు నిండా జనం. అయినా తలుపు దగ్గరగా వేశాను.

"డాక్టరమ్మకు చెప్పకపోతే మీకే ప్రమాదం. మీ ఆయన ఫోన్‌కు పోకుండా నేను చూస్తాను," అన్నాను.

దూది ప్యాకెట్ అట్ట చింపి, దాని మీద రెండు ముక్కలు రాసి, డాక్టరమ్మ చేతిలో పెట్టాను. ఆమె చదివి, "ఒక్కదాన్నే పంపించు," అంది.

పేరు పిలవగానే భర్త కూడా లేచాడు. "నేను కూడ వస్తా మేడం. ఆమెకు సరిగ్గ చెప్పరాదు."

"ముందు పరీక్ష చేయాలండి. అయ్యాక మిమ్మల్ని పిలుస్తాను, కూర్చోండి."

అతను ఒక క్షణం నిలబడి, మళ్లీ కాల్లో పడ్డాడు.

ఆమె బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఆ గోలీలు ఆ రోజే ఆపేయమని, వేరే మార్గం ఉందని, నెల తర్వాత ఒంటరిగా రమ్మని డాక్టరమ్మ చెప్పింది. నోట్సులో తలనొప్పి మందు మాత్రమే ఎక్కింది. దాని కాపీ వచ్చి భర్త ఫోన్ మోగింది. చదువుకుని, "అంతేనా?" అన్నాడు.

"అంతే," అంది ఆమె.

సాయంత్రం మేనేజరుకు చెప్పాను, ఆడవాళ్ల సొంత నంబరు అడగాలని. సాఫ్ట్‌వేర్ వాళ్లకు మెయిల్ పెడతానన్నాడు. మూడు నెలలు గడిచాయి. చివరికి డాక్టరమ్మ గట్టిగా కేకలేస్తే మార్చారు. ఇప్పుడు నింపుతున్నది ఎవరని ఫారమే అడుగుతుంది, కాపీ పేషెంటు నంబరుకే వెళ్తుంది. అయినా చాలామంది ఆడవాళ్లు అక్కడ భర్త నంబరే ఇస్తారు. ఎందుకని అడిగే ఓపిక నాకు అన్నిసార్లూ ఉండదు.

ఆ మార్పు రాకముందే, చెప్పినట్టే ఆ అమ్మాయి నెల తర్వాత అపాయింట్‌మెంట్ లేకుండా ఒక్కతే వచ్చింది. తలనొప్పి బాగా తగ్గిందట. బీపీ చూస్తుంటే, "ఆయనకు ఎప్పుడన్న చెప్పాల్నా సిస్టర్?" అని అడిగింది.

పట్టీ విప్పి ఆమె పక్కనే కూర్చుని, "మీకు చెప్పాలనుందా?" అని అడిగాను.