సత్యవతి సిస్టర్ అడిగిన కార్డు

చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి, అయిదు రోజులు బడి మానమంటే ముప్ఫై ఏళ్ళుగా మానేసినవాణ్ణి నేను. వాపుతో పాటు చదువూ తగ్గిపోయింది. అలాంటి నాచేత సంస్మరణ వ్యాసం రాయిస్తున్నారంటే, అండమాన్‌లోని మా రంగత్ తెలుగువాళ్ళలో కలం పట్టేవాళ్ళకు ఎంత కరువో గ్రహించగలరు.

అయినా రాయక తప్పదు. గత సోమవారం ఉదయం బజారులో ఆటో తుడుచుకుంటుంటే, సత్యవతి సిస్టర్ గుండె ఆగి కన్నుమూశారన్న దుర్వార్త వచ్చింది. చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ముందు రోజే కదా ఆవిడ నన్ను తిట్టారు!

పిల్లల క్లినిక్‌లో నర్సుగా రెండు తరాలకు సూదులు వేసిన చెయ్యి ఆవిడది. వాత్సల్యమూర్తి అని రాయమన్నారు. నిజమే, కాని సూది పట్టుకున్నప్పుడు ఆ మూర్తిని చూసి తండ్రులమే ముందు పారిపోయేవాళ్ళం.

నెల క్రితం మా పిల్లల బడిలో గవదబిళ్ళలు చెలరేగాయి. గవదబిళ్ళల సూది రెండు డోసులూ పడ్డ మా అమ్మాయి లావణ్యకు కూడా ఒక బుగ్గ ఉబ్బింది. రుసరుసలాడుతూ క్లినిక్‌కి వెళ్ళాను.

"సిస్టరమ్మా, మీ సూది బేకార్. మా చిన్నోడికి రెండోది ఏయించను. బస్."

ఆవిడ కోప్పడలేదు. "ఆటో తియ్యరా అప్పన్నా. నాలుగిళ్ళు తిరిగొద్దాం."

జబ్బు పడ్డ పిల్లల ఇళ్ళకు సాయంత్రం దాకా తిరిగాం. ఆ సూది పడని పిల్లల ఇళ్ళ ముందే ఆటో ఎక్కువసార్లు ఆగింది. తట్టు సూది వేయించాం కదా అన్నవాళ్ళకు, సర్కారు వేసే దానిలో గవదబిళ్ళల మందు ఉండదని ఓపికగా చెప్పారు. ఒక పాప రెండు బుగ్గలూ వాచి, గంజి కూడా మింగలేక ఏడుస్తోంది. మా లావణ్య ఇంట్లో ఒంటిబుగ్గతో అప్పడాలు నములుతోంది. లెక్కలు రాని నాకూ లెక్క అర్థమైంది.

"లైఫ్ జాకెట్ ఏసుకుని సముద్రంలో పడితే తడవవేటి? తడుస్తావు. మునిగిపోవు," అన్నారావిడ. "ఒక్క డోసుతో ఒదిలేసేవంటే, జాకెట్ తాళ్ళు కట్టకుండా ఓడెక్కినట్టే."

మా వాళ్ళలో గవదబిళ్ళలు వస్తే మెడలో బంగారు గొలుసు వేస్తారు. మా అమ్మ గొలుసు ఇల్లిల్లూ తిరిగేది. దానితో పాటు మనుషులూ, మనుషులతో పాటు జబ్బూ. సిస్టర్ ఆ ఆచారాన్ని ఈసడించలేదు. "అమ్మా, అయిదు రోజులూ పిల్ల మెడలోనే ఉంచండి. గడప దాటనివ్వకండేం, బంగారం కదా!" అన్నారు. అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. లావణ్య బయటికి రాలేదు, గొలుసూ రాలేదు. ఎవరినీ చిన్నబుచ్చకుండా మేలు చేయడం ఆ మహాతల్లికే చెల్లింది.

చిన్నోడి సూదికి నేను అప్పుడే ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం తేలిక, తీసుకెళ్ళడమే కష్టం. ఒకరోజు కిరాయి, ఒకరోజు బద్ధకం. బడిలో మాత్రం జబ్బు ఒకరి తర్వాత ఒకరికి వస్తూనే ఉంది. ఆదివారం ఆవిడ ఆటోకి అడ్డంగా నిలబడ్డారు.

"సిగ్గుందేటిరా? చిన్నోడి సూదుల కార్డు తెస్తావా, నన్నే రమ్మంటావా?"

"రేపు పక్కా, సిస్టరమ్మా."

రేపు వచ్చింది. ఆవిడ లేరు.

సంతాప సభలో దండ పట్టుకుని నిలబడ్డాను. "ఈ లోటు తీరనిది. ఇక మా పిల్లల కోసం మమ్మల్ని తిట్టేదెవరు?" అన్నాను.

పటం పక్కన నిలబడ్డ ఆవిడ భర్త సూర్యనారాయణ గారు కళ్ళు తుడుచుకున్నారు.

"లోటు సంగతి ఉండనీరా అప్పన్నా. క్లినిక్ తెరిచే ఉంది. చిన్నోడి కార్డు తెచ్చేవా?"